ఒక్క అక్షరం

"గువ్వా గువ్వా గుప్పెడు నూకలు, ఒకటి నీకు, ఒకటి నీ..."

ఆ తర్వాత ఏముందో ఆస్పత్రిలోనే నర్సింగు పాఠాలు చెప్పే మేడంకి ఎప్పుడూ గుర్తురాదు. చిన్నప్పుడు గంతులేస్తూ పాడిన పాట, ఇప్పుడు ఒళ్ళు మండినప్పుడే నోటికొస్తుంది.

"గువ్వ పాట వచ్చేసింది, ఇవాళ మన పని అయిపోయింది," అని వెనక బల్లలోంచి ఎవరో గొణిగారు.

మేడం హాజరు కూడా పిలవలేదు. "నిన్న ఐసీయూలో ఆ తల్లితో మాట్లాడిందెవరు?"

మూడో బల్లలోంచి పొట్టి జడ పిల్ల లేచింది. "నేనే మేడం. వాళ్ళబ్బాయి ఎలా ఉన్నాడని ఆవిడే అడిగింది."

"నువ్వేమన్నావో బోర్డు మీద రాయి."

'మిషను తీసేస్తే పోతాడు' అని రాసిందా పిల్ల. అక్షరాలు ఒక్కొక్కటే జారి, పొడై నేల మీద పడ్డాయి. ఆ గది బోర్డు మీద నిజం కానిది నిలవదు, ఎన్నేళ్ళ నుంచో అంతే. 'పాఠం చదివే వచ్చాం' అని పిల్లలు రాసిన రోజున ఊడ్చే ఆమె చేటెడు పొడి ఎత్తి, అందర్నీ కలిపి తిట్టి పోయేది.

"డాక్టర్లు రెండుసార్లు పరీక్ష చేసి, మెదడు పూర్తిగా పోయిందని సంతకాలు పెట్టారు. అంటే మనిషి పోయాడు. ఆ ఊపిరి మిషనుది, అతనిది కాదు. పోతాడు అంటే ఇంకా ఉన్నాడనేగా అర్థం? అవయవాల కోసం ఊపిరున్నవాణ్ణి కోయనివ్వనని ఆవిడ తెగేసి చెప్పింది. చెప్పదూ మరి? నేనైనా అదే చెబుతాను. పై అంతస్తు వార్డులో, కుట్టుపని చేసుకు బతికే ఒకామె కాలేయం కోసం పదకొండు నెలలుగా పచ్చబడిపోయి పడుంది. ఇంకో వారం ఆగుతుందో లేదో. పోతాడులో తా, పోయాడులో యా. ఒక్క అక్షరం ఒళ్ళు దగ్గరపెట్టుకుని పలకలేవూ?"

"ఏడుస్తోందని మెత్తగా చెబుదామనుకున్నా మేడం."

"మెత్తగానే చెప్పు. తప్పు చెప్పకు. అవయవాలిస్తారా అని అడగడానికి వేరే వాళ్ళున్నారు. నిజం చెప్పడానికి మాత్రం మనమేగా ఉన్నది."

అప్పటికే గుమ్మంలో ఆ తల్లే నిలబడి ఉంది, చేతిలో కొడుకు చొక్కా ఉన్న ప్లాస్టిక్ సంచితో.

"ఒకరు పోతాడంటారు, ఒకరు పోయాడంటారు. నాకు చదువు తక్కువని ఆడుకుంటున్నారా మీరంతా?"

జవాబు కోసం ఆగలేదు. ఆ బోర్డు సంగతి వార్డులో వినే ఉంది. సుద్దముక్క లాక్కుని, వంకర టింకర అక్షరాలతో 'నా కొడుకు ఉన్నాడు' అని రాసింది. రాలిపోయింది. ఇంకా నొక్కి రాసింది. రాలిపోయింది. మూడోసారి సుద్ద విరిగింది. పొట్టి జడ పిల్ల ఇంకో ముక్క అందించింది.

ఆ తల్లి సంచి బల్ల మీద పెట్టి, ఒక్క మాట రాసింది. పోయాడు.

అది నిలిచింది.

ముందు వరస బల్ల మీద కూలబడింది. మేడం వెళ్ళి పక్కన కూర్చుంది.

"వాడి వల్ల ఎవరు బతుకుతారు?"

"పేరు చెప్పకూడదమ్మా. ఎదురు చూసేవాళ్ళు మాత్రం ఉన్నారు."

"అయితే ఆ అడిగేవాళ్ళెవరో పిలవండి."

ఆ సాయంత్రమే పై అంతస్తు మంచం ఆపరేషను గదికి కదిలింది. నెల తిరిగేసరికి కుట్టుపనామె తన కాళ్ళ మీద తాను మెట్లు దిగి ఇంటికి పోయింది.

ఆ రోజు ఒప్పుదల కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్తూ ఆ తల్లి మళ్ళీ గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళలో కోపం అలాగే ఉంది. బోర్డు వంక చూసి, మేడం వైపు తిరిగింది.

"నేను గేటు దాటేదాకా దాన్ని తుడవకండి."