ట్రాఫిక్ కాలనీ తేనెటీగల గురించి చలపతి రాసినది

ఎగతాళి లేని రోజు చలపతికి అన్నం అరిగేది కాదు. ఖరగ్‌పూర్ ఇంజనీరింగ్ సంస్థలో ఎం.టెక్. చదువుతున్నాడు. అక్కడి తెలుగువాళ్లంతా కలిసి ఆ ఏడాది, అంటే తొంభై తొమ్మిదిలో, కంప్యూటర్‌లో ఒక చర్చాబోర్డు పెట్టుకున్నారు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. మధ్యాహ్నం మూడు కాగానే చలపతి కంప్యూటర్ సెంటర్‌లో కిటికీ పక్క కుర్చీలో చేరి, ఆనాటి సాంకేతిక వార్త ఒకదాన్ని పట్టుకుని ఉతికి ఆరేసేవాడు.

రైళ్ల రాకపోకలు ఇంట్లోంచే వెబ్ పేజీలో చూసుకునే రోజు వస్తుందని ఒకడు రాస్తే, "ఆ పేజీ తెరుచుకునేలోపు మద్రాసు మెయిలు మన స్టేషన్ దాటి బాలాసోర్ చేరుతుంది" అన్నాడు. పెళ్లిసంబంధాలూ వెబ్‌లోనే కుదురుతాయని ఇంకొకడు రాస్తే, "తాళి కూడా మౌస్‌తోనే కట్టిస్తారా?" అన్నాడు. బోర్డంతా పగలబడి నవ్వేది. ఆ నవ్వు కోసమే అతను పొద్దున్నుంచీ మాటలు నూరుకుంటున్నాడని ఎవరికీ తెలియదు.

ఏప్రిల్‌లో ఒక వార్త వచ్చింది. ఎక్కడో శాస్త్రవేత్తలు తేనెటీగలకు పేలుడు మందుల వాసన పసిగట్టడం నేర్పుతున్నారట. చలపతికి పండగే. "హాజరు పట్టీ ఎవరు రాస్తారు? ఫెయిలైన ఈగలకు సప్లిమెంటరీ ఉందా?" అని మొదలుపెట్టి పేజీన్నర నింపాడు.

దాని కింద దేవమణి పేరుతో ఒక జవాబు పడింది. ఆమె కంప్యూటర్ సెంటర్‌లోనే డేటా ఎంట్రీ చేస్తుంది. ఊళ్లో ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన మనిషి. నోటితో ఎలా మాట్లాడుతుందో అలాగే కొట్టింది.

"మా ఈగలకి మా నాన్న టైం నేర్పినాడు. నమ్మకపోతే ఆదివారం నాలుగ్గంటలకి వొచ్చి సూడండి."

"సూడండి!" అని చలపతి ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నాడు. "సూత్తాం మేడమ్, తప్పకుండా సూత్తాం!" బోర్డు మళ్లీ నవ్వింది.

చలపతి అక్కడితో వదిలేసేవాడే. కానీ అతని స్నేహితురాలు శ్యామల వదల్లేదు. జీవశాస్త్రం చదివిన పిల్ల. "వెళ్దాం. నువ్వు సాక్షివి, నేను పరీక్ష పెడతాను" అంది.

ఆదివారం ఇద్దరూ సైకిళ్ల మీద ట్రాఫిక్ వెళ్లారు. దేవమణి తండ్రి లూకా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పాత చెక్కపెట్టె పలకలతో చేసిన తేనెటీగల గూడు పెరట్లో, జామచెట్టు కింద ఉంది. దేవమణి ఆవనూనె, ఉల్లిపాయ కలిపిన మరమరాలు గిన్నెల్లో పెట్టి తెచ్చింది.

"ఎలా నేర్పారండీ? బెత్తం వాడారా?" అన్నాడు చలపతి.

లూకాకు వెటకారం తెలియక కాదు, పట్టించుకోలేదు. "నానేటి నేర్పినాను బాబూ? డ్యూటీ దిగొచ్చి రోజూ నాలుగ్గంటలకి టీ తాగుతాను. అప్పుడే ఈ నీలం పళ్లెంలో ఆటికి పంచదార నీళ్లు పోసేవోణ్ణి. నెల తిరిగేసరికి ఆటికీ టైం తెలిసిపోయింది."

"వాసనకు వస్తున్నాయి, అంతే" అన్నాడు చలపతి.

"అయితే ఖాళీ పళ్లెం పెడదాం" అంది శ్యామల.

చలపతి స్వయంగా కుళాయి దగ్గర సబ్బుతో రెండు పళ్లాలు తోమాడు, ఒకటి నీలం, ఒకటి తెలుపు. రోజూ నీలం పళ్లెం ఉండే చోట తెల్లది పెట్టించి, నీలందాన్ని గోడ వారకు మార్చింది శ్యామల. నాలుగింటికి అయిదు నిమిషాల ముందు ఒక ఈగ వచ్చింది. తెల్లపళ్లెం మీద తిరిగి, గోడ వైపు మళ్లింది. తర్వాత మూడు, తర్వాత గుంపు. ఒక్కటీ తెల్లదాని మీద వాలలేదు. ఏమీ లేని నీలం పళ్లెం అంచు చుట్టూ తిరుగుతూ వెతుక్కుంటున్నాయి. చలపతి వేలితో లెక్కపెట్టాడు. పదిహేడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పదిహేడే.

"పాపం, ఆకలిమీదున్నాయి" అంటూ లూకా లేచి పంచదార నీళ్లు తెచ్చి పోశాడు.

తిరుగుదారిలో చలపతికి ఒకటే చింత. చూసినది చూసినట్టు రాస్తే ఎవడు నవ్వుతాడు? బోర్డులో వందమంది కాచుకుని ఉన్నారు. సోమవారం కుర్చీలో కూర్చోగానే వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. "ఈగల బడి హెడ్‌మాస్టరు" అని పేరు పెట్టాడు. హెడ్‌మాస్టరు గారు గురక పెడుతున్నారనీ, విద్యార్థులందరూ గైర్హాజరనీ, వచ్చిన ఒకే ఒక్కటి దోమనీ రాశాడు. నలభై జవాబులు వచ్చాయి. అంత పేరు అతనికి ఎప్పుడూ రాలేదు.

మర్నాడు దేవమణి అతని కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.

"మా నాన్నకి ఇంగ్లీషు అచ్చరాలు రావు. ఆ బాబు ఏటి రాసినాడే అని నిన్న రెండుసార్లు అడిగినాడు. ఏటి సెప్పమంటారు?"

"సరదాకి రాశాను మేడమ్. బోర్డంటేనే అంత."

"సరదాకైతే మీమీదే రాసుకోవొచ్చు కదా" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం శ్యామల బోర్డులో రెండు ముక్కలు రాసింది: "ఖాళీ పళ్లానికే పదిహేడు వచ్చాయి. లెక్కపెట్టింది చలపతే."

నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే ఇవాళ మీద పడ్డారు. "దోమగారూ" అన్నాడొకడు. "ఈగకున్న బుద్ధి ఎం.టెక్.కి లేదు" అన్నాడింకొకడు. వాళ్ల మాటల్లో తన మాటల వాసనే వస్తోందని చలపతికి తెలిసింది. నిజం ఒప్పుకుంటూ పొడుగ్గా రాశాడు. దాన్నీ జోకే అనుకున్నారు. శ్యామల మాత్రం నవ్వకుండా, కాంటీన్‌లో అతని బల్ల వదిలి వేరే బల్లకు మారింది.

చలపతి మూడు రోజులు ఆ కుర్చీ వైపే పోలేదు. నాలుగో రోజు తెల్లకాగితం తీసి, ఆదివారం చూసిందంతా తెలుగులో, చేత్తో రాశాడు. ఒక్క వెటకారం లేకుండా రెండు పేజీలు రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పట్టుకెళ్లి దేవమణి చేతికిచ్చాడు. ఆమె తెరవకుండానే సంచీలో వేసుకుంది.

మర్నాడు తనే పిలిచి చెప్పింది. "సదివి వినిపించినాను. పళ్లెం మార్చిన కాడికొచ్చేసరికి నాన్న సంబరపడిపోయినాడు. మళ్లీ సదవమన్నాడు."

"కోపంగా లేరు కదా?"

"కోపం లేదు. ముందు మీరు బోర్డులో రాసిందీ సదివి వినిపించినాను. ఒక్కటే అడిగినాడు. ఇంత బాగా రాసీవోడు ముందు అదెందుకు రాసినాడూ అని."

చలపతి ఆ నలభై జవాబులు గుర్తొచ్చి, కిటికీ పక్కన తన కుర్చీ వైపు చూశాడు. దేవమణి తన టైపు పనిలో పడింది.