పనసపాలు, నా మీసం

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు పనసచెట్ల మీద ప్రేమ పుట్టింది. అప్పటిదాకా వాటితో నాకున్న సంబంధమల్లా, కాయ రాలి కారు అద్దం పగలకుండా చూసుకోవడమే. మా వీధిలో దాదాపు ప్రతి పెరట్లోనూ పనసచెట్టుంది. ఒకప్పుడు సంతలో ఆ పళ్లకు మంచి గిరాకీ ఉండేదట. ఇప్పుడు కోసేవాళ్లు లేక చెట్టుమీదే కుళ్లుతున్నాయి. ఈగల బాధ పడలేక పక్కింటి బాబాయి చెట్టు కొట్టించేస్తానంటున్నాడు.

"పనసకు మళ్లీ మంచిరోజులు తెస్తాను," అని భోజనాల దగ్గర ప్రకటించాను.

"ముందు ఆ గిన్నె ఇటు జరపండి," అంది మా ఆవిడ.

మా ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్లి వారపు సంతలో, మంగలి కుర్చీ పక్కనే బల్ల వేశాను. జనం పలచగా ఉన్నా ఉపన్యాసం చిక్కగానే ఎత్తుకున్నాను. పోషక విలువలు, పూర్వవైభవం, మన బాధ్యత... ఏదీ వదల్లేదు. ఆ ఊపులోనే పండు నిలువునా కోశాను. పనసపాల జిగురు అంటకుండా, కోసే ముందు చేతికి నూనె రాసుకోవాలని నాకూ తెలుసు. ఉపన్యాసంలో అది రెండో భాగం.

'బాధ్యత' దగ్గర అలవాటుగా మీసం మెలేశాను. చెయ్యి తీయబోతే మీసం కూడా దానితోపాటే బయల్దేరింది. కెవ్వుమన్నాను. విడిపించుకోబోయి రెండో చెయ్యీ పెట్టాను.

అంతవరకూ రాని జనం అప్పుడొచ్చారు. మంగలి నూనె పోశాడు, దువ్వాడు, లాగాడు. చివరికి నిట్టూర్చాడు.

"తీసెయ్యక తప్పదండీ."

"ఒక పక్కేనా?"

"మీ ఇష్టం. సగం ఉంచితే రేపట్నుంచి నా దగ్గరికి ఎవడూ రాడు."

కత్తి ఆడుతున్నంతసేపూ చుట్టూ నవ్వులే. అంతమంది ఊరికే నిలబడటం చూసి మా ఆవిడ చేతులకు నూనె పట్టించి, తొనలు వలిచి అందించసాగింది.

"ఇంత తియ్యగా ఉందేంటి! మా పెరట్లో రాలిపోతుంటే ఊడ్చి పారేస్తున్నానే!" అంది ఒక లావుపాటావిడ.

నేను కుర్చీలోంచి లేచేసరికి బల్ల ఖాళీ.

"చూశావా, నా ఉపన్యాసం ఎలా పనిచేసిందో," అన్నాను దారిలో.

మా ఆవిడ నా బోసి మూతికేసి చూసి, జాలిపడిందేమో, "అవునవును" అంది.

తరవాతి సంతకు ఆ లావుపాటావిడ సొంత పళ్లతో వచ్చి మాకు ఎదురుగానే బల్ల వేసింది. ఆ వెనకే ఇంకొందరు. హోటలాయన కూరకని పచ్చికాయలు ముందే చెప్పి పెట్టుకున్నాడు. బాబాయి గొడ్డలి మాట మానేసి నిచ్చెన కొన్నాడు.

అందరూ కలిసి సంఘం పెట్టారు. అధ్యక్షుడిగా నన్నే ఉండమంటారని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మా ఆవిణ్ణి ఎన్నుకున్నారు. నాకు పళ్లు మోసే పని అప్పగించారు. కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే. అయినా ఈ ఉదయం బాబాయి చెట్టు దగ్గర మొదటి పండు భుజానికెత్తుకుంటే, ఆ వాసనకు ఎందుకో నవ్వొచ్చింది. అది బండిలో దించగానే ఆయన నిచ్చెన మీంచి మరో పండు చూపించాడు. వెళ్లి దాని కింద నిలబడ్డాను.