మన్నా కడుపులో బెల్టు

మా ఇంట్లో రోజు మొదలయ్యేది చాయ్‌తో కాదు, కడుపుతో. నా కడుపు కాదు. అది ఎప్పుడూ నిండే ఉంటుంది, దాని గురించి ఇంట్లో ఎవరికీ బెంగ లేదు. నేను లేవగానే నేల మీద బోర్లా పడుకుని, మన్నా పక్కటెముకల కింద చెవి ఆనించి వింటాను. లోపల ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగున ఎవరో బండి లాక్కెళుతున్నట్టు గుడగుడమని వినిపిస్తే ఆ రోజుకి మా ఇల్లు క్షేమం. ఒక్కోసారి అదే క్షణంలో ఇంటి మీదుగా విమానం పోతుంది. అప్పుడు ఏ శబ్దం ఆకాశంలోదో ఏ శబ్దం కడుపులోదో తెలియక, అది వెళ్లిపోయేదాకా బొచ్చులో మొహం పెట్టుకుని అలాగే ఉండిపోతాను. అక్కడ ఎండుగడ్డి వాసన, వెచ్చదనం. నిద్రకు మళ్లీ దారి తెరిచినట్టుంటుంది.

మన్నా మా కుందేలు. తెల్లటి ఒళ్లు, ఒక చెవి కొసన మాత్రం బూడిద రంగు. తొమ్మిదేళ్లవాడు. కుందేళ్ల లెక్కలో మా అమ్మ వరమ్మకు ఈడు. అమ్మకు డెబ్బై నాలుగు. పగలు నేను, నా భార్య సునీల పనులకు పోతే ఇంట్లో మిగిలేది ఆ ముసలీముతకా ఇద్దరే.

వాడు మాకు నిజంగానే పైనుంచి పడ్డాడు. విమానం ఎక్కబోతున్న ఒక అమ్మాయి బుట్టలో అరచేయంత పిల్లను పెట్టుకుని, దాన్ని తీసుకుపోవడానికి కావలసిన కాగితాలు లేక, కళ్లనీళ్లతో బయట నిలబడి ఉంది. డ్యూటీ దిగి వస్తున్న నా చేతిలో బుట్ట పెట్టి, గడ్డి మాత్రం ఎప్పుడూ ఉండాలి, అన్నా, అని ఒక్క మాట చెప్పి లోపలికి వెళ్లిపోయింది. బైబిల్లో ఆకాశం నుంచి ఉచితంగా రాలిన తిండి పేరు వాడికి పెట్టింది మా అమ్మే. తిండి పేరు పెట్టుకున్నవాడికే తిండి దగ్గర ఇన్ని పేచీలు వస్తాయని అప్పుడు మాకేం తెలుసు?

నేను విమానాశ్రయంలో బెల్టు దగ్గర సూపర్‌వైజర్‌ని. శంషాబాద్‌లో ఈ మాట చెబితే బెల్టు షాపు అనుకుని, చర్చికి వచ్చే జాన్ పాల్ ఇదేం పని చేస్తున్నాడని మొహం చిట్లించినవాళ్లున్నారు. నాది మందు బెల్టు కాదు, ప్రయాణికుల పెట్టెలు తిరిగే మూటల బెల్టు. అది తిరిగినంతసేపూ నన్నెవరూ గుర్తించరు. ఆగిందంటే నాలుగు ఖండాల వాళ్లు ఒకేసారి నా వైపు తిరుగుతారు.

అందుకే రాజేంద్రనగర్‌లోని పశువుల డాక్టర్ మాధవీలతగారు మొదటిసారి మన్నా జబ్బు గురించి వివరించినప్పుడు నాకు చప్పున ఎక్కింది. కుందేలు కడుపు కూడా బెల్టే. గడ్డి లోపలికి వెళుతూనే ఉండాలి, పెంటికలు బయటకు వస్తూనే ఉండాలి. మధ్యలో ఆగిందా, లోపల గాలి నిండి, నొప్పి పుట్టి, నొప్పికి తినడం మానేసి, తినక ఇంకా ఆగి, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముసలితనంలో వెనక పళ్లు అరగక గుచ్చుకుంటాయి, నడుం పట్టేస్తుంది, వేసవిలో నీళ్లు తగ్గుతాయి. ఏ వంకతోనైనా బెల్టు ఆగొచ్చు. ఏడాదిలో మూడుసార్లు ఆగింది. మొదటిసారి బిస్కెట్లు పెట్టి ముద్దు చేసినందుకు ఆవిడ నాకు బాగా గడ్డి పెట్టారు, వాడికి గడ్డే పెట్టమని.

అప్పటి నుంచి గడ్డి మా ఇంట్లో ప్రధాన వస్తువు. తుక్కుగూడ దగ్గర పెంటయ్య అనే రైతు, అమ్ముడుపోయిన ప్లాట్లలో ఇళ్లింకా మొలవలేదు గనక మొలిచిన గరికను, హద్దురాళ్ల మధ్య నుంచి కోసి ఎండబెట్టి నాకిస్తాడు. మా వైపు విమానం దిగినా ల్యాండే, ఏజెంటు దిగినా ల్యాండే. ఆ రెండింటి నడుమ మా మన్నా మేత. మా చర్చి క్యాలెండర్‌లో ఏ రోజు ఏ వాక్యం చదవాలో అచ్చై ఉంటే, దాని పక్కన అమ్మ పెన్సిలుతో మన్నా పెంటికలకు గీతలు గీస్తుంది. బాగా వేస్తే రెండు, కొంచెం వేస్తే ఒకటి, లేకపోతే సున్న. పాస్టరు గారు ఒకసారి మా ఇంటికి వచ్చి ఆ గీతలన్నీ అమ్మ చేసిన ప్రార్థనలనుకుని మెచ్చుకుపోయారు. మేమెవరమూ సరిదిద్దలేదు.

ఇక ఆ శుక్రవారం సంగతి.

అవి శ్రమల దినాలు. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజుల్లో ప్రతి శుక్రవారం అమ్మ పచ్చి మంచినీళ్ల మీద ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు చర్చిలో ప్రార్థన అయ్యాకే నోట్లో మెతుకు పడుతుంది. నలభై ఏళ్లుగా అంతే. నాన్న పోయిన శుక్రవారం కూడా తప్పలేదు. ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. తినమని బతిమాలడం మేము ఎప్పుడో మానేశాం. అంతకు ముందు ఆదివారమే పాస్టరు గారు ప్రసంగంలో, పూర్వం ఒక పట్టణం పట్టణమంతా ఉపవాసముంటే మనుషులతో పాటు పశువులు కూడా మేత ముట్టలేదని చెప్పారు. నేను ఆ ముక్క దగ్గర కునికిపాట్లు పడుతున్నాను. అమ్మ మాత్రం విన్నది.

పొద్దున చెవి పెట్టినప్పుడు గుడగుడ కొంచెం మందంగా ఉంది. రాత్రి గడ్డి సగమే తిన్నాడు. మధ్యాహ్నం వచ్చి చూద్దాంలే అనుకుని డ్యూటీకి పోయాను. జరిగిన తప్పులో ఆ 'లే' ఒక్కటి నాది. మిగతాది అమ్మది.

రెండున్నరకు ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా ఒకలాంటి పలుచని వెలుగు. కర్టెన్లు వేసి, నేల తుడిచి, అమ్మ చాప మీద మోకాళ్లేసుకుని ఉంది. ఎదురుగా మన్నా గోనె పట్టా మీద ముద్దలా కూర్చుని, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. చూడటానికి ఇద్దరూ ఒకే ప్రార్థనలో ఉన్నట్టుంది. గడ్డి తొట్టి ఖాళీ. నీళ్ల గిన్నె నిండుగా ఉంది. నేల మీద ఒక్క పెంటిక లేదు. అంత శుభ్రత నాకు నచ్చలేదు. బెల్టు ఆగిన రోజే హాలు అంత శుభ్రంగా ఉంటుంది.

గడ్డి ఏదని అడిగాను.

"ఇయ్యాల మన్నాకు గూడ ఉపవాసమే బిడ్డా," అన్నది అమ్మ తృప్తిగా. "పొద్దున్నే కడుపు పట్టుకుని కూసుండు. తీసిపెట్టిన. లంఖణం పరమౌషధం అంటరు గద. ఇద్దరం కలిసే ఉంటున్నం."

నేను నేల మీద పడి చెవి పెట్టాను. కడుపు చిన్న డోలులా బిగిసి ఉంది. లోపల ఏమీ లేదు. గుడగుడ లేదు, గరగర లేదు. ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయిన వీధిలా ఉంది. పైన విమానం పోయింది. ఆ చప్పుడు వాడిలోంచి వచ్చిందని ఒక్క క్షణం ఆశపడ్డాను. అది వెళ్లిపోయాక నిశ్శబ్దం ముందుకంటే పెద్దదైంది.

అమ్మ నా మొహం చూసింది. చాప మీంచి లేచి బుట్ట తెచ్చింది.

డాక్టరు గారికి ఫోను చేసి, బుట్టలో పాత తువ్వాలు పరిచి మన్నాను పెట్టి, బుట్టను అమ్మ ఒడిలో పెట్టుకుని స్కూటరు మీద బయలుదేరాం. ఎండకు రోడ్డు నీళ్లు పోసినట్టు మెరుస్తోంది. ఎంత పోయినా ఆ నీళ్లు అందవు. అమ్మ కొంగు తడిపి బుట్ట మీద గొడుగులా పట్టుకుంది. గగన్‌పహాడ్ దాటాక నా వీపుకు చెప్పినట్టు చెప్పింది.

"వీనికేమన్న అయితే నేనే చేసినట్టు బిడ్డా."

నేను స్కూటరు వేగం పెంచాను. ఎంతైనా ఆ పొద్దున నా 'లే' కూడా ఉంది.

మాధవీలతగారు భీమవరం వైపు మనిషి, తొందరపడి మాట్లాడరు. కడుపు నొక్కి చూశారు, ఎక్స్‌రే తీయించారు, స్టెతస్కోపుతో చాలాసేపు విన్నారు. లోపల ఏదీ అడ్డుపడలేదని, గాలి పట్టి కదలిక ఆగిందని, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని అన్నారు. నొప్పికి ఒక సూది, ఒంట్లో నీళ్లకు చర్మం కిందికి ఇంకో సూది వేశారు. గడ్డిపొడి కలిపిన జావ ఇచ్చి, సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టమన్నారు. సాయంత్రంలోగా వాడంతట వాడు ఏదైనా నమలాలట. పెంటిక పడితే ఫోను చేయాలి. లేకపోతే మళ్లీ తీసుకురావాలి. ఆ రెండో మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్లు బల్ల మీద ఉన్నాయి.

ఉపవాసం సంగతి అమ్మే దాచకుండా చెప్పింది. నాకు పడినట్టు ఆమెకూ గడ్డి పడుతుందనుకున్నాను. డాక్టరు గారు అమ్మ చేయి పట్టుకున్నారు.

"వరమ్మగారూ, లంఖణం మనకు మందండి. వీడికి అదే జబ్బు. ముసలి కుందేలు తినడం ఆపిందంటే అడగవలసింది దేవుణ్ని కాదు, ముందు నన్ను."

అమ్మ బడిపిల్లలా తలూపింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. వాకిట్లో అరుగు మీద గోడ నీడ పడుతుంది, మన్నాకు ఇష్టమైన చోటు. అరుగు మీద కూర్చుంటేనే వీడికి అరుగుదల అని రోజూ నేను అనే జోకు ఆ రోజు నా నోట్లోనే ఉండిపోయింది. చాప వేసి, వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి వాడి పక్కన పెట్టాం. జావ పట్టాను. రెండు చుక్కలు లోపలికి, నాలుగు చుక్కలు నా చొక్కాకి. గడ్డి పెడితే మొహం తిప్పుకున్నాడు. కొత్తిమీర కట్ట పెడితే వాసన చూసి, ఎవరి కట్టో అన్నట్టు వదిలేశాడు. అమ్మ అరచేత్తో నెమ్మదిగా కడుపు నిమురుతూ కూర్చుంది. పొద్దుటి నుంచి ఆమె కూడా తినలేదని ఎవరికీ గుర్తు లేదు.

నేను చెవి పెట్టి పడుకున్నాను, విందామని. పొద్దున నాలుగింటి నుంచి లేచి ఉన్నవాణ్ని. ఎప్పుడు నిద్రలోకి జారిపోయానో తెలియదు.

నేను మన్నా లోపల ఉన్నాను. పెద్ద హాలు, లేత గులాబీ గోడలు, దీపాలు లేకుండానే వెలుగు. మధ్యలో బెల్టు ఆగి ఉంది. చుట్టూ జనం. తోటపని ఖాకీ చొక్కాలో మా నాన్న తన రేకుపెట్టె కోసం ఎదురుచూస్తున్నాడు. పెంటయ్య నెత్తి మీద గడ్డిమోపుతో ఉన్నాడు. బుట్ట ఇచ్చిన అమ్మాయి కూడా ఉంది, జుట్టులో తెల్ల వెంట్రుకలు. ఎవరూ నన్ను కసరడం లేదు. డిసెంబరులో రన్‌వే మీద పొగమంచు నిలబడ్డట్టు అందరూ ఊరకే నిలబడి ఉన్నారు. నేను ఆకుపచ్చ బటన్ నొక్కుతాను. అది కొత్తిమీర ఆకు. మెత్తగా వంగి మళ్లీ లేస్తుంది. మళ్లీ నొక్కుతాను. అప్పుడు అమ్మ చెప్పుల్లేకుండా వచ్చి, బెల్టు అంచు పట్టుకుని, తిరగలి ముందు కూర్చున్నట్టు కూర్చుని చేత్తో తిప్పడం మొదలుపెట్టింది. గరగర. గరగర. నాన్న నవ్వాడు. దూరంగా, తెర వెనక నుంచి, ఏదో కదిలి వస్తున్నట్టు ఉంది.

గరగర ఆగలేదు. కళ్లు తెరిచాను.

అమ్మ అరుగు మీద మన్నాకు మొహం ఆనించి బోర్లా పడుకుని ఉంది. ఆమె నోట్లో కొత్తిమీర కాడ. ఉన్న నాలుగు పళ్లతో గట్టిగా, చప్పుడు వచ్చేలా నములుతోంది. వెలుతురు ఇంకా పసుపుగానే ఉంది. చర్చి ప్రార్థనకు గంటకు పైగా ఉంది. నలభై ఏళ్ల ఉపవాసం ఆమె పెదవుల మధ్య పచ్చగా కదులుతోంది.

కాడ రెండో కొస మన్నా నోట్లో ఉంది. వాడు ముక్కు ఆడిస్తూ, ఆమె కళ్లలోకి చూస్తూ, తన వైపు నుంచి నములుకుంటూ వస్తున్నాడు.

కాడ అయిపోయింది. అమ్మ ఇంకోటి తీసి ఒక కొస తన నోట్లో పెట్టుకుంది.

"ఒక్కడే ఎట్ల తింటడు," అన్నది నన్ను చూడకుండానే. "నేను తినకుండ కూసుంటే వాడు నా మొఖమే చూస్తుండు. దేవునికి నేను చెప్పుకుంట తియ్యి."

తరువాత గడ్డిపరకతో కూడా అదే చేసింది. నేను వారించలేదు. మా ఇంట్లో గడ్డి తిన్నవాళ్లలో ఆమె అంత పుణ్యాత్మురాలు ఇంకొకరు లేరు.

చర్చి మైకులో మొదటి పాట రెండు వీధుల అవతల నుంచి తేలి వస్తున్నప్పుడు, మన్నా లేచి, ఒళ్లు సాగదీసి, రెండడుగులు వేసి, చాప మీద ఒక పెంటిక వేశాడు. చిన్నది, ఎండినది, అంత గొప్పదేం కాదు. కాసేపటికి ఇంకోటి. అమ్మ మొదటిదాన్ని కొత్తిమీర ఆకుతో ఎత్తి వెలుగుకు పట్టి చూసింది, ఎవరి పెట్టెకో కట్టిన చీటీ చదువుతున్నట్టు. నేను డాక్టరు గారికి ఫోను చేశాను. రేపు పొద్దున చూపించమన్నారు. ఇది మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడు ఇంకా తొందరగా రండి అన్నారు. మాకు తెలుసు.

అప్పుడే సునీల పని నుంచి వచ్చి, అత్త ఇంకా చర్చికి పోలేదేమని ఆశ్చర్యపోయింది. అమ్మ చేతులు కడుక్కుని, క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ శుక్రవారం పక్కన ఒక గీత గీసింది. కాసేపు ఆలోచించి దాని కింద ఇంకో చిన్న గీత గీసింది. అది ఎవరిదో నేను అడగలేదు.

"ఇగ నాకింత పెరుగన్నం పెట్టు," అన్నది సునీలతో. "ఈడనే తింట."

అరుగు మీద పళ్లెం, పళ్లెం పక్కన తొట్టి నిండా గడ్డి. ఆమె ఒక ముద్ద, వాడు ఒక పరక. నేను వాళ్ల మధ్య నేల మీద పడుకుని చెవి పెట్టాను. పైన విమానం పోయింది. పోయాక కూడా చప్పుడు ఆగలేదు.