బటన్ గులాబీలకు రెండో కోత

నా భార్య ఎల్లమ్మ దగ్గు నాలుగేళ్లుగా తగ్గలేదు. పొగాకు ముట్టడం మానకపోతే మందులు పనిచేయవని డాక్టరు చెప్పాడు. వేరే పని దొరికితే కదా మానేది. నీలం నగర్‌లో మా గల్లీ ఆడవాళ్లందరి ఒళ్లోనూ బీడీలు చుట్టే చాటే.

అక్టోబరు చివర్లో, వానలు తగ్గాక, హోట్గి రోడ్డులో ఉండే రిటైరైన టీచరు భాగ్యలక్ష్మి ఎల్లమ్మకు కబురు పెట్టింది. ఆమె తోటమాలి పని మానేశాడట. ఆమె ఇంటి ప్రహరీ వెంట ఇరవై బటన్ గులాబీ చెట్లున్నాయి. ఒక్కటీ మోకాలు దాటలేదు.

"నేను పుణెకు పోతున్న, ఇరవై రోజులు. వీటిని సగానికి కోసి నీళ్లు పొయ్యి. నేను వచ్చేసరికి మంచిగ చిగురేస్తే తోటపని నీదే," అంది.

నాది మరమగ్గాల మీద రెండో పాళీ. పొద్దున ఖాళీయే కాబట్టి నీళ్లు మోయడానికి ఎల్లమ్మ వెంట వెళ్లాను.

ఆమె సంచిలోంచి ఆకుల కత్తెర తీసింది. దాంతోపాటు రేకు ముక్కా తీసింది. తునికాకు మీద ఆ రేకు పెట్టి చుట్టూ కత్తిరిస్తే బీడీలన్నీ ఒకే కొలతకు వస్తాయి. ఇప్పుడు దాన్ని మట్టి మీద నిలబెట్టి, మూడు రేకుల ఎత్తున ప్రతి కొమ్మనూ కోసేస్తోంది.

"చెట్లకు కొలతేంది?" అన్నాను.

"ఎక్కువతక్కువైతే కార్ఖానల మాల్ వాపస్ జేస్తరు."

"ఇది కార్ఖాన కాదు."

"నువ్వు నీళ్లు తే."

మధ్యాహ్నానికి ఇరవై చెట్లూ మడతపెట్టిన టవళ్లలా ఒక్క ఎత్తున నిలిచాయి. నిజం చెప్పాలంటే నాకూ నచ్చింది.

పదో రోజున చాలా కొమ్మల కొనలు నల్లబడి ఉన్నాయి. కణుపుకు వేలెడు పైన తెగిన చోటల్లా కొమ్మ కిందికి ఎండుతూ వస్తోంది. వచ్చిన కాసిని చిగుళ్లు చెట్టు లోపలికే తిరిగి ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. ఎల్లమ్మ గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. మధ్యలో దగ్గింది.

"ఎండకు మాడినయని చెప్పుదం," అన్నాను.

"ఆమెకు తెల్వదా? నీకన్న ఎక్కువ చదివింది."

"నేను చదివిందే ఐదు."

"అదే అంటున్న."

ఒక కొమ్మ దగ్గర ఆమె వేలు ఆగింది. అక్కడ కోత అనుకోకుండా కణుపుకు ఆనుకుని పడింది. కింద ఎర్రటి చిగురు బయటికి తిరిగి ఉంది.

"జూడు. కన్ను బయటి దిక్కు జూస్తున్నది. సరిగ్గ దాని మీదనే తెగింది."

"అయితే?"

"ఆకుకు ఈనె అడ్డమొస్తే రేకును జరుపుత గద. ఈడ జరుపకపోతి."

రేకు సంచిలో పడేసి మళ్లీ మొదలుపెట్టింది. ప్రతి కొమ్మనూ వేళ్లతో తిప్పి, బయటికి చూసే కన్ను వెతికి, దాని పైన ఏటవాలుగా కోసింది. ఎండినవాటిని మొదలంటా తీసేసింది. లోపల అడ్డంపడ్డవాటినీ వదల్లేదు. రెండు రోజులు పట్టింది. ఆఖరికి ఏ రెండు చెట్లూ ఒక ఎత్తున లేవు. గుండు చేసిన తలల్లా ఉన్నాయి. పని పోయినట్టేనని నేను అనుకున్నాను.

టీచరు వచ్చి గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఏంది ఎల్లమ్మా, సగమంటే ఇంతనా?"

"మొదలు తప్పు కోసిన టీచర్. బీడీల కొలత పెట్టిన. కొనలు ఎండినయి. అందుకే మళ్ల కోసిన."

నేను నేల చూశాను. టీచరు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో చెట్టు దగ్గరా వంగింది. బియ్యపు గింజంత ఎర్రటి మొలకలు కొమ్మకొమ్మకూ ఉన్నాయి, అన్నీ బయటికే తిరిగి. రెండు చెట్లకు మాత్రం ఏమీ లేదు.

"ఇవి?"

"ఒకటి పోయింది. ఇంకోటి ఇప్పుడే చెప్పరాదు."

"మునుపటి మాలి ఎన్నడూ పోయిందనలే. చాటుకు కొత్తది పెట్టేటోడు. నాకు తెల్వదనుకున్నడు." టీచరు నవ్వింది. "రేపటికెల్లి రా. పొద్దున ఏడింటికి."

"ఏడింటికి మా దిక్కు నల్లా నీళ్లు వస్తయి టీచర్. ఎనిమిదింటికి వస్త."

నేను ఎల్లమ్మ కాలు తొక్కాను.

"సరే, ఎనిమిది," అంది టీచరు.

ఎల్లమ్మ అప్పటికే చెప్పరాదన్న చెట్టు ముందు కూర్చుని గోటితో బెరడు గీకుతోంది. లోపల పచ్చగా ఉంది.