చెట్టు దిగని వేటగాడు

నవ్వేవాళ్ళు నవ్వండి. రంగూన్ లత వీధిలో కొబ్బరితాళ్ళు అమ్ముకునే కనకరాజుకి, అంటే నాకు, అమెరికా కొండసీమల చరిత్రలూ కథలూ ఉన్న పాత పుస్తకాలంటే పిచ్చి. ఓడలవాళ్ళ దగ్గరా వేలాల్లోనూ కొని నలభై ఏడు పోగేశాను. మా ఆవిడ వెంకాయమ్మ వాటిని చెదల మేత అంటుంది.

వాటిలో వెర్మాంటు కొండల కథలు మూడు సంపుటాలు. నా దగ్గర ఒకటీ మూడూ ఉన్నాయి. ఒకటోదాని ఆఖర్న వేటగాడు చెట్టెక్కాడు, కింద ఎలుగుబంటి కాపలా కూర్చుంది. మూడోదాంట్లో వాడి మనవడి పెళ్ళి. మరి వాడు చెట్టెలా దిగాడు? తొమ్మిదేళ్ళుగా నాకు అన్నం సహిస్తే ఒట్టు.

ఆ రెండోది అమెరికా మిషన్ దొరసాని దగ్గరుందని 1927లో తెలిసింది. ఆవిడ వచ్చేవారం స్వదేశం పోతోంది. తెలుగుదేశంలో పదేళ్ళుండి, పుస్తకాల్లోంచి తెలుగు నేర్చిన మనిషి. పుస్తకం పట్టుకు రమ్మని ఇంటికి పిలిచాను.

“మీ సీమలోని కథ యొకటి చెప్పుడు. ఈ గ్రంథమును మీకిచ్చెదను” అంది.

మా సీమ కథలా! మా ఆవిడ పిల్లలకి రోజూ చెబుతూనే ఉంటుంది. సోది ఆపమని కసరడమే గాని, ఒక్కటీ విన్న పాపాన పోలేదు నేను. ఏం చెయ్యను? వెర్మాంటు వేటగాడికి పోలయ్య అని పేరు పెట్టి, సింహాచలం కొండకి తోలుకొచ్చి, దర్జాగా చెట్టెక్కించాను.

దొరసాని గబగబా రాసుకుని తలెత్తింది. “పిమ్మట నతడు వృక్షమునుండి యెట్లు దిగెను?”

ఛీ, నా బతుకు! అదే తెలిస్తే ఈవిడతో నాకేం పని?

ఫలహారం తెచ్చిన వెంకాయమ్మ నా మొహం చూసింది.

“ఎలా దిగుతాడమ్మా? పెళ్ళాం ఎతుక్కుంటా వొచ్చింది. ‘పొయ్యిలోకి పుల్ల లేదు, సెట్టెక్కి కూకున్నావేటి మావా?’ అని ఒక్క కేకేసింది. ఎలుగుబంటి అడివట్టుకు పోనాది. ఆ కేకకి బయపడే ఆడూ దిగినాడు.”

దొరసాని పడిపడి నవ్వి, పుస్తకం వెంకాయమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది.

లాక్కుని చూద్దును కదా, అచ్చాఫీసులో మడతపెట్టి కుట్టిన కాగితాల అంచులు ఇంకా కొయ్యనేలేదు. ఆవిడా చదవలేదన్నమాట. వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి కోశాను. మొదటి పేజీలోనే ఉంది: తెల్లవారాక ఎలుగుబంటి దానంతటదే వెళ్ళిపోయింది. వేటగాడు దిగి ఇంటికి పోయాడు.

అంతే! తొమ్మిదేళ్ళు! సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

“నీ కతే బాగుందే. ఇంకోటి సెప్పవూ?” అన్నాను మెల్లగా.

వెంకాయమ్మ పళ్ళెం తీసుకుని లోపలికి పోతూ అంది: “నలబయ్యెనిమిది పుస్తకాలున్నాయి కదేటి? సూసుకోండి.”