అయ్యగారి భార్య ఉపవాసం

ఈస్టరు ముందు పెద్ద ఉపవాసాలు మొదలయ్యాయంటే ఆ కొండ ఊళ్ళో ఈగ కూడా పొద్దు వాలేదాకా ఏమీ ముట్టదని జనం గొప్పగా చెప్పుకుంటారు. ఈగల సంగతి మనకెందుకు గాని, మరియం చర్చి అయ్యగారు తిబెబు ఇంట్లో మాత్రం ఒక మనిషి ప్రతి ఉపవాసపు పొద్దునా రొట్టె తినేది. ఎవరో పనిమనిషి అనుకునేరు. కాదు, సాక్షాత్తూ అయ్యగారి భార్య యిర్గెదు.

భర్త తెల్లవారుజాము పూజకు బయల్దేరేవాడు. అత్తగారు తాంగుత్ తెల్లటి పైబట్ట తలమీదుగా కప్పుకుని కొడుకు వెనకే నడిచేది. ఆ ఇద్దరూ యూకలిప్టస్ చెట్లు దాటారో లేదో, యిర్గెదు కొట్టుగదిలోకి దూరి బార్లీ గాదె వెనక కూర్చునేది. పైబట్ట నోటికి అడ్డం పెట్టుకుని చప్పుడు కాకుండా నమిలేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అంటారే, అలాగే కళ్ళు మూసుకుని తినేది. కాకపోతే పిల్లికి సిగ్గుండదు. ఈమెకు ప్రతి ముద్దకూ కళ్ళనీళ్ళు వచ్చేవి.

పోనీ రుచి కోసం తినేదా అంటే, ఆ రొట్టె ఉప్పగా ఉందో చప్పగా ఉందో కూడా ఆమెకు తెలియదు. తినకపోతే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ముందు చేతులు వణికేవి. ఎముకలు కొరికే చలిలోనూ ఒళ్ళంతా చెమట పట్టేది. ఒక గుమ్మం రెండు గుమ్మాలుగా కనిపించేది. ఆ తర్వాత తను ఏం మాట్లాడుతోందో, ఎవర్ని తిడుతోందో తనకే తెలిసేది కాదు. ఒకసారి పొయ్యి దగ్గర అలా అవుతుంటే చేతికందిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంది, కాసేపటికి మనిషి తేరుకుంది. అప్పట్నుంచీ మానుదామంటే వల్ల కాలేదు. ఊరంతా ఓర్చుకునేదాన్ని తనొక్కతే ఓర్చుకోలేకపోతోందే అని కుమిలిపోయేది.

అక్కడితో అయితే ఏదోలా సర్దిచెప్పుకునేదే. అయ్యగారి భార్య అన్నాక భర్తతోపాటు ప్రభు భోజనం తీసుకోవాలి. అందుకు ముందు రోజు నుంచీ కడుపులో మెతుకు పడకూడదు. యిర్గెదు కడుపులో రొట్టె పెట్టుకునే ఆ పవిత్రమైన ముక్కకు నోరు తెరిచేది, అదీ భర్త చేతి నుంచే. ఆ ఇంటివాళ్ళ పాపాలు వినడానికో గురువుగారున్నారు. అత్తమీద విసుక్కున్నాననీ, పక్కింటావిడ బట్ట చూసి కుళ్ళుకున్నాననీ ఆయనకు చెప్పేది. ఇది మాత్రం గొంతు దాటేది కాదు. చెబితే పోయేది తనొక్కతేనా? ఇలాంటి భార్య ఉందని తెలిస్తే తిబెబుని బలిపీఠం దగ్గరికి రానిస్తారా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మాట మింగేసేది.

దీనికి తోడు ఒళ్ళొకటి. ఉపవాసాల్లో ఊరు ఊరంతా చిక్కిపోతే యిర్గెదు మాత్రం ఏటికేడు బలిసేది. పూజ ముగిసి కాఫీకి కూర్చున్నప్పుడు ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"మా ఎద్దులక్కూడా డొక్కలు తేలాయి, అమ్మగారు చూడండి, నిగనిగలాడుతున్నారు," అనేదొకతి.

"అయ్యగారి ఇంట్లో గాలికి కూడా బలం ఉంటుందేమోనే," అనేది ఇంకొకతి.

తాంగుత్‌కు తల కొట్టేసినట్టయ్యేది. "నేను పెళ్ళయి వచ్చిన కాడ్నించీ ఒక్క ఉపవాసం తప్పలేదు. ఎవరి ఒళ్ళు ఎలా ఉంటే నాకేంటి," అని కోడలి వంక ఓరగా చూసేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు యిర్గెదు చెయ్యి దానంతటదే మూతి తుడుచుకునేది.

అలా దాచుకుంటూ ఎన్నాళ్ళు నెట్టుకొస్తుంది? ఒంట్లో బాలేదని తాంగుత్ ఇంటిపట్టునే ఉన్న ఒక పొద్దున కొట్టుగదిలోకి వెళ్ళడం కుదరలేదు. యిర్గెదు వాకిట్లో పడి కొట్టుకుంది. తిబెబు భార్యనీ తల్లినీ వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి బస్సెక్కాడు. అక్కడ వంతు కోసం కూర్చుని ఉండగా యిర్గెదు మరుగుదొడ్డికని వెళ్ళి, రవికలో దాచిన బార్లీ పేలాలు గుప్పెడు నమిలి వచ్చింది. తలుపవతల ఎవరో త్వరగా రమ్మని బాదుతూనే ఉన్నారు.

డాక్టరు సెదాలె అనే ఆవిడ. వయసు తక్కువే గాని ఓపికగా వినే మనిషి. వేలు గుచ్చి చక్కెర చూసింది, సరిగ్గానే ఉంది. అయినా ఆవిడకు అనుమానం తీరలేదు.

"పొద్దున్నే వస్తుందంటున్నారు, పరగడుపున. రక్తంలో చక్కెర పడిపోయే జబ్బు ఒకటుంటుంది. అరుదులెండి. ఏమ్మా, మీరు ఉపవాసాలుంటారా?"

యిర్గెదు నోరు తెరిచేలోపు తాంగుత్ అందుకుంది. "అదేం ప్రశ్న తల్లీ. అయ్యగారి ఇల్లు మాది. పసిపిల్లలు కూడా ఉంటారు."

"ఉన్నప్పుడు ఏమీ కాదా?"

"ఏమవుతుంది? ఇంకా ఒళ్ళు చేస్తుంది," అన్నాడు తిబెబు, కాస్త గర్వంగానే.

డాక్టరు యిర్గెదు వంక చూసింది. యిర్గెదు తలూపింది. ఆ ఒక్క తల ఊపు ఎంత పని చేసిందో ఆమెకు అప్పుడు తెలియదు.

"అయితే అది కాదు. ఆ జబ్బున్న మనిషి మీలా పొద్దు వాలేదాకా పస్తుండలేదు," అని డాక్టరు మూర్ఛకు మాత్రలు రాసి పంపింది.

మూర్ఛ కానిదానికి మూర్ఛ మాత్రలేం చేస్తాయి? ఏడాది తిరిగి మళ్ళీ పెద్ద ఉపవాసాలు వచ్చేసరికి యిర్గెదు మాట తడబడటం ఎక్కువైంది. ఇది మందులకు లొంగేది కాదు, ఏదో పట్టిందని తాంగుత్ తీర్మానించి, కొండ కింద పవిత్ర జలం ఊట దగ్గరికి తీసుకెళ్దామంది. అక్కడ ఉపవాసం ఇంకా కఠినం. అందరూ ఒకే చావడిలో పడుకోవాలి, కొట్టుగదీ లేదు, గాదే లేదు. రెండో పొద్దుకే యిర్గెదు చెయ్యి దాటిపోయింది. చల్లటి నీళ్ళు నెత్తిన పడుతుంటే మగవాళ్ళు కూడా నోట అనలేని బూతులు తిట్టింది. జనం చుట్టూ మూగారు.

"ఎవరు నువ్వు? ఏం కావాలి నీకు?" అని ఆమెను పట్టిన దయ్యాన్ని అడిగారు.

"రొట్టె. రొట్టె పెట్టండి," అంది యిర్గెదు నోరు.

జనం నవ్వారు. తిండిపోతు దయ్యంరా అన్నాడెవరో. రొట్టె ఇవ్వబోయిన ఒకావిడ చేతిని తిబెబే పక్కకు నెట్టాడు. "వద్దమ్మా, అడిగినదల్లా పెడితే అది వదలదు," అన్నాడు. పొద్దు వాలాక, మనిషి కట్టెలా బిగుసుకుపోయి ఉంటే, అందరితోపాటు ఆమె నోట్లోనూ చక్కెర నీళ్ళలో కలిపిన బార్లీ సత్తుపిండి కొద్దికొద్దిగా వేశారు. ఆమె కళ్ళు తెరిచి, ఒంటిమీద తడిబట్టనీ, చుట్టూ ఉన్న ముఖాల్నీ చూసి, ఏమన్నానని అడిగింది. ఎవరూ చెప్పలేదు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననుకుంది.

మర్నాడు తిబెబు ఆమెను మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఈసారి తల్లిని రానివ్వలేదు. చక్కెర మళ్ళీ సరిగ్గానే ఉంది, రాత్రి మిగిలిన సత్తుపిండి దారిలో పైబట్ట చాటున తిన్నది మరి. డాక్టరు సెదాలె ముఖం దిగులుగా పెట్టుకుంది.

"ఇది మెదడుకు సంబంధించినదేమో. మాత్రలు పెంచుతాను. ఒంటరిగా వదలకండి. ఇంకా ముదిరితే పిచ్చాసుపత్రికి రాయాలి."

యిర్గెదుకు ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. చెబితే భర్త పరువు మంటగలుస్తుంది, చెప్పకపోతే తను పిచ్చిదవుతుంది. ఎందుకో గాని నిన్నటి తడిబట్ట గుర్తొచ్చింది. తనకే తెలియని మాటలు తన నోట జనం విన్నారు. తెలిసిన ఒక్క మాట తనే చెప్పుకోలేదా?

"డాక్టరమ్మా, మిమ్మల్ని ఒంటరిగా ఒక మాట అడగొచ్చా?"

డాక్టరు తిబెబు వంక చూసింది. ఆయన కదల్లేదు. "మా మధ్య దాపరికాలేం లేవు. చెప్పు," అన్నాడు.

యిర్గెదు నేలకేసి చూస్తూ చెప్పింది. "నేను ఉపవాసాలుండను. ఏళ్ళ తరబడి ఉండలేదు. పొద్దున్నే కొట్టుగదిలో రొట్టె తింటాను. పొద్దెక్కాక మళ్ళీ తింటాను. పోయినేడు ఇక్కడికొచ్చినప్పుడు కూడా మరుగుదొడ్డిలో తిన్నాను. తినకపోతే ఇది వస్తుంది. తింటే పోతుంది."

డాక్టరు కలం కింద పెట్టేసింది. తిబెబు ఒక్కటే అడిగాడు.

"ప్రభు భోజనం రోజు కూడానా?"

"ఆ రోజు కూడానండీ."

ఆయన లేచి బయటికి నడిచాడు. మెడలోని శిలువ బల్ల అంచుకు తగిలి చప్పుడైంది. యిర్గెదు రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"పోయినేడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదమ్మా," అంది డాక్టరు. తర్వాత కాస్త ఆగి, "మీ అత్తగారి ముందూ మీ ఆయన ముందూ అడిగాను. బుద్ధి లేకపోయింది నాకే," అంది.

ఆ జబ్బును పట్టుకునే దారి ఒక్కటే, పస్తు పెట్టి చూడటం. ఆసుపత్రి మంచం మీద, నర్సుల కళ్ళెదుట యిర్గెదు ఉపవాసం మొదలైంది. దొంగతనంగా తినే మనిషికి కాపలా ఉపవాసం. నలుగురికీ తెలిసిపోయిందన్న సిగ్గుతో ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లారి పొద్దెక్కకముందే చెమటలు పట్టాయి, మాట ముద్దయింది, తలుపు దగ్గర నిలబడ్డ భర్తను చూసి ఎవరు నువ్వని అడిగింది. డాక్టరు రక్తం తీసింది. చక్కెర అడుగంటిపోయి ఉంది. నరంలోకి చక్కెర నీరు ఎక్కించారు. కొంతసేపటికి యిర్గెదు ఆయన్ని గుర్తుపట్టి, వెంటనే తల దించుకుంది.

రక్తం రాజధాని అడిస్ అబాబాకు వెళ్ళింది, కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది. డాక్టరు తిబెబుని కూర్చోబెట్టి చెప్పింది. "పొట్ట వెనక క్లోమం అని ఒక అవయవం ఉంటుందయ్యగారూ. దానిలో చిన్న గడ్డ ఉందనుకుంటున్నాను. లక్షల్లో ఒకరికి వస్తుంది. చక్కెరను తగ్గించే రసాన్ని అది వేళాపాళా లేకుండా వదులుతోంది. ఒళ్ళు వచ్చింది కూడా అందుకే. ఆవిడ తిన్నది రొట్టె కాదు, మందు. అది తినకపోయి ఉంటే ఏదో ఒక పొద్దున మీరు పూజ నుంచి వచ్చేసరికి మనిషి ఉండేది కాదు."

తిబెబు తన చేతుల్ని చూసుకున్నాడు. "ఊట దగ్గర రొట్టె అడిగింది. ఇవ్వబోతే నేనే నెట్టేశాను," అన్నాడు. భార్య దగ్గరికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు గాని, ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఆమె కూడా ఆయన వంక చూడలేదు.

అడిస్‌లో పెద్ద యంత్రంతో ఫొటోలు తీసి, క్లోమం చివర గడ్డ ఉందన్నారు. కోసి తీశారు. సీసాలో వేసి చూపిస్తే శనగ గింజంత ఉంది. ఇంత చేసింది ఇదా అని తిబెబు ఆశ్చర్యపోయాడు. యిర్గెదు చూడనంది. ఇంటికొచ్చాక గురువుగారి దగ్గర మోకరిల్లి అంతా చెప్పుకుంటే, మందు తిన్నదానికి ప్రాయశ్చిత్తం ఏమిటమ్మా, ఇకనుంచీ నీకు ఉపవాసాలు వద్దులే అన్నారాయన. నలుగురూ తప్పు కాదన్నంత మాత్రాన సిగ్గు పోతుందా? అదేమన్నా గడ్డా, మత్తిచ్చి తీసెయ్యడానికి? ఊళ్ళో ఎవరు నవ్వినా తన గురించేనేమో అనుకునేది. కొట్టుగది ముందు నుంచి పోవాల్సి వస్తే తల వంచుకుని పోయేది.

మళ్ళీ పెద్ద ఉపవాసాలు వచ్చాయి. ఎవరు వద్దన్నా వినకుండా మొదటి రోజే యిర్గెదు పస్తు ఉంది. పొద్దెక్కింది. చేతులు చాపి చూసుకుంది. ఇప్పుడు వణుకుతాయి, ఇప్పుడు చెమట పడుతుంది అని ఎదురుచూస్తూ నేల ఊడ్చింది, నీళ్ళు మోసింది. మధ్యాహ్నమైంది. పొయ్యి దగ్గర తాంగుత్ సాయంత్రానికి శనగపిండి పులుసు కలుపుతోంది. యిర్గెదు వెళ్ళి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఉపవాసంలో మీకెలా ఉంటుంది?"

"ఎలా ఉండటమేంటే. పొట్ట ఖాళీగా ఉంటుంది. గొంతు కాస్త ఎండుతుంది."

"చేతులు వణకవా?"

"ఎందుకు వణుకుతాయి?"

"కళ్ళు చీకట్లు కమ్మవా? ఎదురుగా ఉన్న మనిషెవరో మర్చిపోరా? చచ్చిపోతున్నట్టు ఉండదా?"

"లేదే," అంది తాంగుత్, గరిటె ఆపి.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ లేదు."

"అంతేనా మరి?"

"అంతేనే."

యిర్గెదుకు ఏడుపు తన్నుకొచ్చింది. "అందరికీ నాకులాగే ఉంటుందనుకున్నానత్తయ్యా. మీరంతా ఆ నరకం ఓర్చుకుని దేవుడికి మొక్కుతున్నారు, నేనొక్కదాన్నే ఓర్చుకోలేని పాపిష్టిదాన్ననుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

సాయంత్రం పూజ ముగిసి ఇంటింటా ఇంజెర రొట్టె తుంచుకుంటున్న వేళ ముసలావిడ కూడా పళ్ళెం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుంది. కోడలు ఎదురుగా కూర్చుని తింటోంది. తాంగుత్ మాత్రం, ఒక్క ఉపవాసం తప్పలేదని ఇన్నేళ్ళూ దెప్పిన మాట గుర్తొచ్చి, ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేకపోయింది.