పెరుగు పక్కన పెట్టిన కూర

అన్నపూర్ణమ్మ తోడుపెట్టిన పెరుగంటే అమెరికాలోని అరోరా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ మోజే. గ్యాస్ ఓవెన్‌లో పైలట్ లైట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కదా, ఆ వెచ్చదనానికి జనవరి మంచులో కూడా తెల్లారేసరికి గడ్డపెరుగు తయారు.

శనివారం సాయంత్రం కోడలు వసుమతి చికెన్ కూర వండి, "ఆదివారానికి అత్తయ్యగారూ, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టేయండి" అని చెప్పింది. అన్నపూర్ణమ్మ మాంసం ముట్టదు. అయినా బంగారంలాంటి కొడుకు ఫ్రిజ్‌లో మంచుగడ్డైన కూర తినడమేమిటని, గిన్నెను గుడ్డతో పట్టుకుని తోడుపెట్టిన పాల పక్కనే ఓవెన్‌లో పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం తనే తీసి బల్లమీద పెట్టింది. వేడి చేశారు కాబోలనుకుని అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు.

సోమవారం తెల్లవారేసరికి కొడుకు జగదీష్, వసుమతి, ఆరేళ్ళ ఉష బాత్రూం ముందు క్యూ కట్టారు. అన్నపూర్ణమ్మ కొంగు బిగించింది. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపింది. ఉష కక్కితే పది నిమిషాలాగి, మళ్ళీ చెంచాతో కొంచెం కొంచెం పట్టింది.

వసుమతి డాక్టర్ ఆఫీస్‌కి ఫోన్ చేసింది. "రక్తం పడ్డా, జ్వరం ఎక్కువైనా, ఎనిమిది గంటలు ఒంటేలుకి వెళ్ళకపోయినా వెంటనే తీసుకురమ్మంటోంది నర్సు. గోరువెచ్చగా చాలాసేపు ఉన్నదేదైనా తిన్నారా అంటోంది."

రాత్రంతా ఓవెన్‌లో ఉన్న కూరగిన్నె అన్నపూర్ణమ్మకి గుర్తొచ్చింది. చెబితే ఈ వంటింట్లో ఇక తనకి స్థానమేముంటుంది?

"ఇంకేముంది, నిన్న రాధారాణి పంపిన పొటాటో సలాడే!" అని తేల్చేసింది వసుమతి. అప్పటికప్పుడే ఆ స్నేహితురాలికి ఫోన్ చేసి చెడామడా దులిపేసింది.

మంగళవారానికి ముగ్గురూ లేచి కూర్చున్నారు. "అమ్మ లేకపోతే ఏమైపోయేవాళ్ళం!" అని జగదీష్ పదిసార్లు అన్నాడు. ఆవిడకి ఆ పొగడ్తలు ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి.

సాయంత్రం జగదీష్ ఫ్రిజ్ తెరిచాడు. "జావ తాగి నోరు చప్పబడిపోయింది. చికెన్ మిగిలింది, వేడి చెయ్యి వసూ. ఉషకీ రెండు ముద్దలు పెడదాం."

వసుమతి గిన్నె స్టవ్ మీద పెట్టింది. అన్నపూర్ణమ్మ ఒక్క ఉదుటున వచ్చి గిన్నె లాక్కుని చెత్తబుట్టలో బోర్లించింది.

"సలాడ్ కాదమ్మా, ఇదే! ఫ్రిజ్‌లో పెట్టమన్నావు, నేను రాత్రంతా ఓవెన్‌లో ఉంచాను. నిన్ననే తెలిసింది. సిగ్గుపడి చెప్పలేదు."

వసుమతి స్టవ్ కట్టేసింది. తర్వాత రాధారాణి నంబర్ తిప్పి రిసీవర్ అత్తగారి చేతిలో పెట్టింది. "నేను తిట్టాను, నేనూ క్షమాపణ చెబుతాను. ముందు మీరు చెప్పండి."

అన్నపూర్ణమ్మ రిసీవర్ చెవికి ఆనించుకుంది. "తప్పు నాదమ్మా రాధారాణీ, నీ సలాడ్‌లో ఏమీ లేదు" అంది. నాలుగు మాటలు పడడానికి సిద్ధపడే ఉంది.

"అది సరే పిన్నిగారూ, ముందు ఉష ఎలా ఉందో చెప్పండి. నిన్నటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు."

రెండు రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు అన్నపూర్ణమ్మకి అప్పుడు వచ్చింది.